లేని మబ్బు

తొంభైలలో ఒక కరువు ఏడు, భాద్రపదం. కోస్గికి అవతల ఒక పల్లెలోని బడి. పిల్లలకు సెలవిచ్చి, లోపలి గదిలో పట్నం నుంచి వచ్చిన కరువు పరిశీలన సంఘానికి భోజనాలు వడ్డిస్తున్నారు. వరండాలో ఇద్దరు: ఉపగ్రహ చిత్రాల్లో మబ్బులను పరిశోధించే జాహేదా, ఆమె పై అధికారి ఎల్లస్వామి.

“నల్లబోర్డుకు అంటిచ్చిన పటం మీరు తెచ్చిందేనా సార్?”

“ఏ పటం?”

“లోపల ఉన్నది గద. మన ఆఫీసుల గీసిందే.”

“ఆ, అదా. నువ్వు తిన్నవా లేదా? నడుమల లేచి వచ్చినవేంది?”

“రెండు ముద్దలు తిన్న. గా పటంల తెల్లరంగు ఏంది సార్?”

“తెల్లరంగు ఏందంటే ఏం చెప్పాలె? తెల్లరంగే. కూసో జాహేదా, ఎండల పడి వచ్చినవ్. కూర మంచిగున్నదా? నీ కోసమే పీర్ మహమ్మద్‌ను పిలిపిచ్చి హలాల్‌గ కోయిచ్చిన. లేకుంటే ముట్టుకోవు గద నువ్వు.”

“కోస్గి పక్క మొత్తం తెల్లగున్నది.”

“మొత్తం ఎక్కడున్నది? కొంత.”

“కొంత కాదు సార్. మనం నిలవడ్డ ఈ బడి సుత తెల్లరంగులనే ఉన్నది. పక్కకు రాసిన్రు, తెల్లరంగంటే ఎత్తున పోయే పలచటి మబ్బు అని.”

“మరి అదే. నీ మబ్బే.”

“నా మబ్బా?”

“నువ్వు కనిపెట్టిన పద్ధతితోనే తీసినం. కింద నీ పేరు సుత రాపిచ్చిన, పెద్ద అక్షరాలల్ల. చూసుకోలేదా?”

“చూసిన. అది చూసే లేచి వచ్చిన.”

“జర మెల్లగ. లోపలికి వినవడ్తది.”

“వినవడనీ. వానకాలం మొదలు కెల్లి ఈ పక్క చిత్రాలు దినాం చూస్తున్నదాన్ని నేను. ఇక్కడ మబ్బు లేదు. పలచటిది లేదు, మందంది లేదు. దీన్ని ఎవరు పెట్టిన్రు?”

“మిషన్ పెట్టింది.”

“మిషన్‌కు గీత గీసిచ్చేది మనం. ఆ గీత ఎవరు దించిన్రు?”

“ఏ గీత?”

“తెల్వనట్టే అడుగుతున్నరు. ఉపగ్రహం భూమి సెగను రెండు కండ్లతోని చూస్తది. నడుమ పలచటి మబ్బు అడ్డమొస్తే, ఒక కంటికి కనవడ్డ సెగ, ఇంకో కంటికి కనవడ్డ సెగ ఒక్క తీరుగ ఉండయి. ఆ తేడా ఇంత దాటితేనే మబ్బనాలె అని నేను గీత గీసిన. ఏండ్లు పట్టింది నాకు ఆ ఒక్క గీతకు. మీకు తెల్వదా?”

“తెలుసు తల్లీ, తెలుసు. సంతకం పెట్టింది నేనే గద.”

“దాన్ని కిందికి దించితే ఏమైతది సార్?”

“ఇంకొన్ని మబ్బులు ఎక్కువ దొరుకుతయి.”

“మబ్బులు దొరకయి. ఎండి పగిలిన చెలక సుత మబ్బే అయితది. కాలిన రాతిగుండు మబ్బే అయితది. ఇగో, ఈ బడి ముందల దుమ్ము, అది సుత మబ్బే.”

“నువ్వు పరిశోధన చేసే మనిషివి. మబ్బు జర ఎక్కువ దొరికితే నీకొచ్చిన నష్టమేంది?”

“థూ!”

“ఏందది?”

“ఏం లేదు. నోట్ల ఎంట్రుక తగిలింది. కూరల వచ్చినట్టుంది.”

“పెద్దులుకు చెప్పిన, సాఫ్‌గ చేపియ్యమని. ఏం గుమాస్తానో ఏమో. మజ్జిగ తెమ్మంట, తాగు.”

“మబ్బని రాసిన జాగల ఏం నింపిన్రు సార్?”

“ఏం నింపుతం? మబ్బు కింద పంట ఉన్నదో లేదో మనకు కనవడదు. కాబట్టి...”

“కాబట్టి?”

“కాబట్టి పోయినేటి చిత్రంల ఉన్నదే నింపుతం. అది నియమమే గద. ఇయ్యాల నేను పుట్టిచ్చింది కాదు.”

“పోయినేడు మంచిగ వానలు పడ్డయి.”

“పడ్డయి.”

“జొన్న, కంది, ఆముదం, అన్ని నిండుగ ఉండె.”

“ఉండె.”

“అంటే కాయితం మీద ఈ ఊర్లు ఇప్పుడు పచ్చగున్నయి.”

“మజ్జిగ ఇంక తేకపాయె వీడు. పెద్దులూ! ఓ పెద్దులూ!”

“పచ్చగున్నయి కాబట్టి కరువు లిస్టుల లేవు. లిస్టుల లేవు కాబట్టి గడ్డి రాదు, నీళ్ల ట్యాంకరు రాదు, పని రాదు. నేనన్నది తప్పుంటే తప్పని చెప్పున్రి సార్.”

“తప్పని ఎవరన్నరు?”

“మరి ఎందుకు చేసిన్రు?”

“లిస్టు పొడుగైంది జాహేదా. పైన ఒప్పుకుంటలేరు. సగం తీసేయమన్నరు. ఏ ఊరిని తీసేయాలెనో నువ్వే చెప్పు. ఏ ఊరిని తీసేసినా, తెల్లారేసరికి రోడ్డుకు అడ్డం ముండ్లకంప వేసి కూసుంటరు. జీపులు కాలవెడ్తరు. అదే మబ్బు అడ్డమొచ్చి కనవడలేదన్నమనుకో, ఎవడు కొట్లాడుతడు? మబ్బు మీద ఎవడన్న కేసు వేస్తడా? మబ్బును ఎవడన్న ఘెరావ్ చేస్తడా?”

“ఎంత సక్కగ చెప్తున్నరు సార్.”

“ఉన్న మాట చెప్తున్న.”

“వాగు అవతల చెరువు కింద వరి పండే ఊర్లు లిస్టుల ఉన్నయి. చూసిన నేను. వాటి మీద ఒక్క తెల్లచుక్క లేదు.”

“అవి పెద్దమనుషుల ఊర్లు. అండ్ల నేను ఏలు పెట్ట.”

“మబ్బులు సుత మనుషులను చూసి పోతున్నయన్నట్టు.”

“ఎటకారం చేయకు. నేను సుత ఈ చెలకలల్ల పుట్టినోన్నే. మా నాయిన పల్లికాయ ఏసి ఎండ దిక్కు చూసినోడే. కరువంటే ఏందో నాకు తెల్వదా?”

“తెలిసే చేసిన్రు గద. తెల్వకుంట చేస్తే ఇంత రోత పుట్టకపోవు నాకు.”

“రోత గీత ఏం లేదు. ఎండదెబ్బ నీకు.”

“అమృతమ్మ అక్కది పోచంపల్లే గద సార్. నా పద్ధతి మీకు మొదటిసారి ఎట్ల చెప్పిన్నో యాదికున్నదా?”

“మా ఇంటామె ముచ్చట ఇప్పుడెందుకు?”

“నూలుకు ముడి కట్టిన కాడ రంగు అంటదు. మబ్బున్న కాడ మనం సుత గట్లనే ముడి కట్టాలె, అక్కడి లెక్క తీసుకోవద్దు, ముడి మాత్రం జాగ చూసి కట్టాలె అని చెప్పిన. మీరు నవ్విన్రు. మా అత్తగారింటి పని చెప్పి నాకే సైన్సు నేర్పుతున్నవా అన్నరు. గా దినం మీరంటే నాకు ఎంత ఇజ్జత్ ఉండె! ఇయ్యాల బట్ట బట్టంత ముడి కట్టి రంగుల ముంచిన్రు.”

“ఇన్నేండ్లల్ల నీ పని ఎవరన్న పట్టిచ్చుకున్నరా జాహేదా? విమానాలు పోయేకాడ పలచగ పోయే మంచు తునకలు, కంటికి సరిగ కనవడయి, వాన కురవయి, ఎవరికి కావాలె అన్నరు అందరు. నేనొక్కన్నే నీ పక్కకు నిలవడ్డ.”

“నిలవడ్డరు. కాదంటలేను.”

“పగటి ఎండను కిందికి రానిస్తయి, రాత్రి భూమి సెగను మీదికి పోనియ్యయి, అవి పెరిగితే లోకం ఎంత వేడెక్కుతదో చూడాలె సార్ అని నువ్వంటే, చూడు బిడ్డా అని మిషన్ ఇచ్చింది ఎవరు?”

“మీరే.”

“ఇప్పుడు సర్కారే నీ పద్ధతి తీసుకున్నది. నౌకరి పక్కా అయితది. వచ్చే ఎండకాలం బయటి దేశంల మీటింగు ఉన్నది, అండ్ల నువ్వే చదువుతవు. లోపలికి పోయి ఒక్క మాటను. సార్లు అడుగుతరు, గది మబ్బేనామ్మా అని. అవును సార్ అను. గంతే. నీ నోట్ల కెల్లి వస్తే వాళ్లు సంతకాలు పెట్టి పోతరు.”

“అందుకేనా నన్ను ఇంత దూరం తోలుకొచ్చింది? పొలాలు చూద్దువు గాని రా అన్నరు.”

“పొలాలు సుత చూడు. ఎవరొద్దన్నరు?”

“మా అమ్మీ మిఠాయి పంచింది సార్.”

“ఏం మిఠాయి?”

“నా పద్ధతి సర్కారు తీసుకున్నదని మీరు ఫోన్ చేసిన దినం. అజీజా బేగం బిడ్డ మబ్బుల జాడ పట్టిందట అని పాలమూరుల మా గల్లీల ఇంటింటికి పోయి పంచింది. కండ్లు సరిగ కనవడయి, గోడలు పట్టుకుంట పోయింది. ఆ మిఠాయి ఇప్పుడు నా గొంతుల అడ్డం వడ్డట్టున్నది. మీ మీద రోత ఒక్కటే కాదు. నా లెక్క మీద నాకే రోత వస్తాంది.”

“మెల్లగ, మెల్లగ.”

“ఇదేం వాసన సార్?”

“ఏం వాసన? మసాలా.”

“మసాలా కాదు. గాలి మర్లినప్పుడల్ల వస్తాంది. వాగు దిక్కుకెల్లి.”

“రెండు పశువులు పడ్డయట. తీపిస్తమన్నరు.”

“పచ్చగున్న ఊర్లె పశువులెందుకు పడ్తయి?”

“జాహేదా!”

“ఇంత ఉక్కపోతల కిటికీలు మూపిచ్చింది అందుకేనా? సార్లకు అన్నం సైసదని ఊదుబత్తులు అంటిచ్చింది అందుకేనా?”

“సారూ... పెద్దులు సారు ఉన్నడా?”

“ఎవరమ్మా నువ్వు? ఇటు దిక్కు రావద్దని చెప్పిన్రు గద. పో, అవతలికి పో.”

“రామమ్మను సారూ. గొర్ల బీరన్న పెండ్లాన్ని. పెద్దులు సారే రమ్మన్నడు, తలకాయలు, కాళ్లు ఇస్తమని.”

“ఏం తలకాయలు అవ్వ?”

“మా గొర్లయే బిడ్డా. సార్లు కూర తినుడు అయినంక తీస్కపొమ్మన్నడు.”

“జాహేదా, ఆమెతోని నీకెందుకు? ఓ రామమ్మా, వెనక పొయ్యి కాడికి పో, ఇస్తరు.”

“ఆగున్రి సార్. కూసో అవ్వ, గిక్కడ నీడకు కూసో. లోపల వండింది మీ గొర్లనా?”

“అవును బిడ్డా. పొద్దుగాల పెద్దులు సారు వచ్చి రెండిటిని పట్టుకపోయిండు, పట్నం సార్లు వస్తున్నరని. పోనీ తియ్యి. ఎట్లైన రేపటికి పడిపోయేటియే.”

“పడిపోయేటియంటే?”

“కడుపుల గడ్డిపోచ లేకపాయె. కలబంద తిని, కాయితాలు తిని, పారుకున్నయి. నిలవడ్డ కాడ నిలవడకపోయినయి. పీర్ మహమ్మద్ సుత కొయ్యనన్నడు బిడ్డా. లేవలేని జీవాన్ని నేను కొయ్య, పాపం తగుల్తది అన్నడు. మరి సార్లకు దావత్ ఎట్ల? పెద్దులు సారు అటొకన్ని ఇటొకన్ని పట్టుకొమ్మని దాన్ని నిలవెట్టిండు. ఇగో నిలవడ్డది, కొయ్యి అన్నడు.”

“నిలవెట్టి కోసిన్రా?”

“ఏడుసుకుంట కోసిండు పీర్ మహమ్మద్. నా దిక్కు చూడలేదు.”

“రామమ్మా, ఇగ చాలు. పో.”

“నేను తిన్న సార్. రెండు ముద్దలు తిన్న నేను.”

“ఏం కాదు జాహేదా. డాక్టరు చూసిండు. బాగ ఉడికిచ్చిన్రు.”

“నాకు...”

“అయ్యో బిడ్డా! ఇటు రా, ఇటు. గోడ పట్టుకో. కక్కు, కక్కు, మింగకు. నెత్తి నేను పట్టుకుంట. సారూ, జర నీళ్లియ్యున్రి, చూసుకుంట నిలవడ్డరేంది? ఆ, అయిపాయె. అయిపాయె తల్లీ.”

“చెంబు తీసుకో. మొఖం కడుక్కో జాహేదా. సార్లు చూస్తే ఏమనుకుంటరు?”

“సార్లు ఇంక తింటున్నరా?”

“తింటున్నరు.”

“ఛీ!”

“కడుపు తోని ఉన్నవా బిడ్డా?”

“లేదవ్వ. కూర పడలేదు.”

“మా దాన్నే తింటివా. పాపం. కొంగు తోని తుడుచుకో. వాసనొస్తది, ఏమనుకోకు.”

“నీ మనిషి ఏడి అవ్వ? బీరన్న?”

“మందను తోలుకొని కృష్ణ ఒడ్డుకు పోయిండు. అటు దిక్కు పచ్చ ఉంటదేమోనని. పోయినోని మాట లేదు, మంద మాట లేదు. ఇంటికాడ సూడి గొర్లను నాకు ఇడిసిపోయిండు, అవి అంత దూరం నడవలేవని. వాటికే ఏడుస్తున్న నేను.”

“గడ్డి కోసం అడగలేదా మీరు?”

“అడగకేం బిడ్డా? ఊరంత పోయినం. మీ ఊరు లిస్టుల లేదన్నడు పెద్దులు సారు. ఎందుకు లేదంటే, మీ ఊరి మీద మబ్బున్నదట, పైన తిరిగే దానికి మీ ఊరు కనవడలేదట అన్నడు. పట్నంల ఒక మేడం ఉన్నది, ఆమె ఫోటోల చూసి చెప్పింది అన్నడు. మా పక్కింటి నాగులమ్మ అన్నది, ఆమె ఇయ్యాల వస్తాంది అని. నువ్వేనా బిడ్డా?”

“నేనే.”

“ఇంత సన్నపిల్లవా! నేనింకెవరో పెద్దామె అనుకుంటి.”

“జాహేదా, లోపల పెరుగు వడ్డిస్తున్నరు. సార్లు లేసి చేతులు కడిగేలోపు నువ్వు పోవాలె. నడువు.”

“వస్త సార్. అవ్వ, ఒక్క మాట చెప్పు. నిజంగ చెప్పు. మీ ఊరి మీద మబ్బుండెనా?”

“మబ్బా?”

“ఆ. ఉగాది కెల్లి ఇప్పటిదాంక.”

“ఏం మబ్బు బిడ్డా! ఆకాశం గొరిగిన గుండు లెక్క ఉన్నది. ఒకటి రెండు పాలి పొద్దుగాల పూట సన్నగ, గొర్రెబొచ్చు దూసినట్టు, మీద మీద పోయినయి. నీడ సుత పడలేదు వాటిది. నల్లబడ్డ మబ్బు అయితే మా పాణానికి కనవడలేదు.”

“అవే అవ్వ! గొర్రెబొచ్చు దూసినట్టు అన్నవు సూడు, అవే. నేను చూసేది వాటినే. ఎన్నేండ్ల కెల్లి వాటి ఎనకనే పడ్డ.”

“వాటితోని ఏమొస్తది బిడ్డా?”

“ఏమొస్తదంటే... ఇప్పుడు ఏం రాదు. రాత్రిళ్లు ఉక్కపోస్తున్నది గద, ఎండలు ఏటేటికి మండుతున్నయి గద, అండ్ల వాటి పాలు ఎంతో తెలిస్తే, ముందు ముందు...”

“ముందు ముందు గడ్డి వస్తదా?”

“లేదవ్వ. గడ్డి రాదు.”

“ఉట్టిగనే చూస్తరా మరి?”

“నీకు ఎట్ల చెప్పాలె? అది అబద్ధం పని కాదవ్వ. నా పని అబద్ధం పని కాదు. నడుమల దాన్ని ఖరాబు చేసిన్రు.”

“నేను కాదనలేదు బిడ్డా. ఏడ్వకు. ఒక మాట అడుగుత, ఏమనుకోవు గద?”

“అడుగు.”

“ఫోటో మల్లొకసారి తియ్యరాదు? మొదటిసారి మాకు తెల్వదు. తెలిస్తే ఊరోళ్లమంత బయటికొచ్చి నిలవడ్తుంటిమి. ఈసారి ఎప్పుడు తీస్తవో చెప్పు. చెలకలల్ల నిలవడ్తం, గొర్లను సుత నిలవెడ్తం. బక్కగున్నయి కనవడ్తదేమో.”

“అబ్బా, సార్! వింటున్నరా? వింటున్నరా మీరు?”

“వింటున్న. చెవుడు లేదు నాకు.”

“ఏం అనిపిస్తలేదా?”

“అనిపిస్తే ఏం చెయ్యాలె? సూడు జాహేదా, ఈమెకు నువ్వు ఏడ్సినా గడ్డి రాదు, నేను ఏడ్సినా రాదు. లిస్టు పైన ఖాయమైంది. నువ్వు కాదన్నవంటే నీ నౌకరి పోతది, నీ పద్ధతి పోతది, ఇంకొకడెవడన్న వచ్చి ఇంకో సాకు పెడ్తడు. మబ్బు కాకపోతే పొగ అంటడు.”

“అననీ. నా మబ్బని మాత్రం అననియ్య.”

“మీ అమ్మీ మందులకు...”

“మా అమ్మీ పేరు మీ నోటితోని తియ్యకున్రి. ఎంగిలి నోటితోని అస్సలు తియ్యకున్రి.”

“సరే. నీ ఇష్టం.”

“లే అవ్వ. లోపలికి పోదాం.”

“నేనెందుకు బిడ్డా?”

“నాతో చెప్పిన మాట సార్ల ముందల చెప్పాలె. మబ్బు లేకుండె అని. నేనొక్కదాన్నే చెప్తే కాయితం చూపిచ్చి నా నోరు మూస్తరు. నువ్వు ఈ ఊరిదానివి. నీ మాట కాదనలేరు.”

“నువ్వు సదువుకున్నదానివి. నువ్వే చెప్పు. నా మాట ఎవరు వింటరు?”

“వింటరు. వినిపిస్త నేను.”

“నా బట్టలు వాసనొస్తున్నయి బిడ్డా. సార్లు అన్నం కాడున్నరు.”

“రానీ. ఆ వాసన వాళ్లకు తగలనీ.”

“నేను తలకాయల కోసం వచ్చిన. ఆలస్యమైతే కుక్కలు గుంజుకపోతయి.”

“తలకాయలు నేను ఇప్పిస్త. భయమా అవ్వ నీకు? పెద్దులు ఏమన్న అంటడనా?”

“భయం కాదు బిడ్డా.”

“మరి?”

“ఏం లేదు. మోకాళ్లు నొస్తున్నయి.”

“నా చెయ్యి పట్టుకో. ఇందాక నా నెత్తి పట్టుకున్నవు గద, ఇప్పుడు నేను పట్టుకుంట. సార్, జరగున్రి. దర్వాజకు అడ్డం నిలవడకున్రి.”

“అడ్డం ఎవరు నిలవడ్డరు? తీస్కపో. నేనేమన్న వద్దంటున్ననా? రామమ్మనే తీస్కపో. మంచిగ అడుగు.”

“నవ్వుతున్నరేంది?”

“నవ్వుతలేను. పో.”

“సార్లూ, లేవకున్రి. తినుకుంటనే వినున్రి. నేను జాహేదా. బోర్డు మీద ఉన్న పటం కింద రాసిన పేరు నాదే. దాంట్ల తెల్లరంగు మబ్బు కాదు సార్. మబ్బును పట్టే గీతను కిందికి దించి, ఎండిన చెలకలను మబ్బని రాసిన్రు. ఆ మబ్బు కింద పోయినేటి పంటను నింపిన్రు. ఈ ఊర్లె పంట లేదు. వాన లేదు. కిటికీలు తెరిపియ్యున్రి, పడ్డ పశువుల వాసన మీకే వస్తది. నా మాట నమ్మకున్రి, నేను పట్నందాన్ని. ఈమె రామమ్మ, ఈ ఊరి గొర్లకాపరి. మీ ఇస్తార్లల్ల ఉన్నది ఈమె గొర్రెనే. ఈమెను అడుగున్రి. చెప్పు అవ్వ, ఈ ఏడు మీ ఊరి మీద మబ్బుండెనా?”

“బిడ్డా...”

“చెప్పు. బయట నాతోని ఏం చెప్పినవో అదే చెప్పు.”

“సార్లను చూసి బెదురుతున్నది పాపం, జాహేదా. భయపడకు రామమ్మా. ఉన్నది ఉన్నట్టే చెప్పు. మబ్బుండెనా, లేకుండెనా?”

“నా దిక్కు చూడు అవ్వ. నేల దిక్కు కాదు.”

“ఉండె సారూ. మబ్బుండె. నిండ ఉండె, నా కండ్లతోని చూసిన. మబ్బు చూసినమన్నోళ్లకే గడ్డిమోపని పొద్దుగాల పెద్దులు సారు ఊరందరితోని ఏలుముద్రలు ఒత్తిచ్చుకునె గద, అందరికంటె ముందల ఒత్తింది నేనే సారూ... నా మోపు నాకిస్తరు గద?”